సగం గీసిన పటం, సగం చేసిన ఫోన్

మా బాబాయికీ పక్క పొలం ఆసామికీ డొంక దగ్గర తగాదా వచ్చింది. రేపల్లె చుట్టుపక్కల వాళ్ళకి డొంక అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను: పొలాల్లోకి బండ్లు, ట్రాక్టర్లు, గొడ్లు వెళ్ళే మట్టిదారి, సర్కారు భూమి. గోదావరి జిల్లాల్లో దీన్నే పుంత అంటారు. ఎవరిదీ కాదు కాబట్టి ఏడాదికో జానెడు చొప్పున అటువాళ్ళు అటూ ఇటువాళ్ళు ఇటూ కలుపుకుంటూ పోతారు. బండి పట్టిన దారి చివరికి సైకిలు పడితే గొప్ప అన్నట్టు తయారవుతుంది. ఆసామి తన వైపు గట్టు జరిపాడని బాబాయి అంటాడు, జరపలేదని ఆయన అంటాడు. పెద్దమనుషుల ముందు కూర్చోబోయే ముందురోజు రాత్రి బాబాయి నాకు ఫోన్ చేశాడు.

“ఒరే, ఆ వేసవిలో చేతిలో మిషను పట్టుకుని డొంకంతా తిరిగావు గదా. అప్పుడు డొంక ఎక్కడుందో నీ మ్యాపులో ఉంటదిగా? ప్రింటు తీసి పంపు.”

ఉంది. 2011 మే నెలది, జీపీఎక్స్ ఫైలు, అంటే నడిచిన దారిని జీపీఎస్ రాసిపెట్టుకున్న ఫైలు. మూడు కంప్యూటర్లు మారినా పోగొట్టుకోలేదు. తెరిచి ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూస్తే, నేను నడిచిన గీత ఆసామి కొత్త గట్టు మీదుగా పోతోంది. ఒక్క క్షణం బాబాయి గెలిచాడనే అనుకున్నాను. తర్వాత బుద్ధి పనిచేసింది. చేతిలో పట్టుకునే జీపీఎస్ చూపించే గీత అటు ఐదు మీటర్లు, ఇటు ఐదు మీటర్లు తప్పుండొచ్చు. ఆసామి కలుపుకున్నాడని బాబాయి అంటున్నది మహా అయితే రెండు మీటర్లు.

“బాబాయ్, నా తప్పు ఆయన ఆక్రమణ కంటే పెద్దది” అన్నాను.

బాబాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “మరి ఇన్నేళ్ళ నుంచీ ఏం గీస్తున్నావురా?”

అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆయన ఇది చదవడు. అయినా సరే.

ఆ వేసవిలో నా దగ్గర రెండు వస్తువులుండేవి. ఒకటి పసుపు రంగు ఈట్రెక్స్ అనే జీపీఎస్ మిషను, రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే పగలంతా నడిచేది. రెండోది సెకండ్ హ్యాండులో కొన్న లైనక్స్ ఫోను, అంటే ఎవరైనా లోపల చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. దాని పేరు చెప్పను. దాని అభిమానులు ఇంకా ఉన్నారు, తగువుకొస్తారు. ఆ ఫోనులో టెర్మినల్ (ఆజ్ఞలు టైపు చేసే తెర) తెరిచి ఒక కమాండు కొడితే జీపీఎస్ చిప్పు చెప్పే మాటలు ఉన్నవి ఉన్నట్టు తెర మీద పడేవి. ప్రతి వరసా డాలరు గుర్తుతో మొదలయ్యేది. తర్వాత కామాల మధ్య టైము, అక్షాంశం, రేఖాంశం, ఎన్ని ఉపగ్రహాలు లెక్కకొచ్చాయి, నమ్మకం ఎంత. ఇప్పటి ఫోన్లలో ఒక నీలం చుక్క ఉంటుంది. ఆ చుక్క ఎప్పుడూ నిబ్బరంగానే ఉంటుంది. ఆ వరసలు చూస్తే నిబ్బరం పోతుంది. నిలబడ్డ చోటే నిలబడి ఉన్నా అంకెలు కదులుతూనే ఉంటాయి, మూడు మీటర్లు ఇటు, నాలుగు అటు. తెర మీద నేను పక్కింటి వాళ్ళ పెరట్లోకి వెళ్ళొచ్చిన సందర్భాలున్నాయి.

పొద్దున్నే డాబా ఎక్కి ఫిక్సు కోసం, అంటే నేనెక్కడున్నానో మిషనుకి తేలడం కోసం, నిలబడటం అప్పట్లో ఒక కార్యక్రమం. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. తాను ఏ దారిన పోతోందో ప్రతి ఉపగ్రహమూ సెకనుకి 50 బిట్ల వేగంతో చెబుతూ పోతుంది. తాతగారు పురాణం చెప్పినంత తాపీ. తన సొంత కక్ష్య వివరం 30 సెకన్లకోసారి మళ్ళీ మొదట్నుంచి చెబుతుంది. ఆ మధ్యలో కొబ్బరిమట్ట ఊగి సిగ్నల్ తెగితే ఇంకో విడత ఆగాలి. మొత్తం ఉపగ్రహాల జాబితా అంతా వినాలంటే పన్నెండున్నర నిమిషాలు. మామూలు ఫోన్లు ఈ సంగతంతా ఇంటర్నెట్ నుంచి ముందే తెచ్చుకుంటాయి కాబట్టి జేబులోంచి తీయగానే చుక్క పడుతుంది. మా ఊళ్ళో అప్పుడు ఇంటర్నెట్ ఉన్నట్టూ లేనట్టూ ఉండేది. పిన్ని కాఫీ తెచ్చిచ్చి, నేను తాగాక గ్లాసు తీసుకుని కిందకి దిగినా ఫిక్సు వచ్చేది కాదు. “ఆకాశంలోకి చూసి ఏం మొక్కుకుంటున్నావురా” అనేది.

మూడు కొలతలకి మూడు ఉపగ్రహాలు చాలవా అని ఎవరైనా అడుగుతారు. చాలవు, నాలుగు కావాలి. ఉపగ్రహాల్లో అణు గడియారాలుంటాయి, నా చేతిలో ఉన్నది చవక గడియారం. సిగ్నల్ కాంతి వేగంతో వస్తుంది, కాంతి ఒక నానోసెకనులో (సెకనులో వందకోట్లో వంతు) అడుగు దూరం పోతుంది. గడియారం అంత తప్పితే దూరమూ అంత తప్పుతుంది. కాబట్టి నా గడియారం ఎంత తప్పో తేల్చడానికి నాలుగోది. నాకు ఇందులో నచ్చే సంగతి ఏమిటంటే, ఈ లెక్కంతా మొదలయ్యేదే ‘నా గడియారం తప్పు’ అనే ఒప్పుకోలుతో.

ఇదంతా ఇష్టంగా చేసేవాళ్ళకి 2000 మే దాకా దారే లేదు. అప్పటి వరకూ అమెరికా సైన్యం మామూలు జనానికి అందే సిగ్నల్‌లో కావాలని తప్పు కలిపేది. చూపించే చోటుకీ ఉన్న చోటుకీ వంద మీటర్ల దాకా తేడా ఉండేది. వంద మీటర్ల తప్పుతో ఊరు గీస్తే చెరువులో రామాలయం వస్తుంది. ఆ కల్తీ ఆపాక నాలుగేళ్ళకి, 2004లో, లండన్‌లో చదువుకుంటున్న స్టీవ్ కోస్ట్, ఎవరైనా గీయగల, ఎవరైనా ఊరికే వాడుకోగల ప్రపంచ పటంగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మొదలుపెట్టాడు. బ్రిటన్‌లో ప్రభుత్వ సర్వే సంస్థ జనం డబ్బుతో గీసిన మ్యాపుల్ని మళ్ళీ జనానికే అమ్మేది. ఆ కోపంలోంచి పుట్టింది అది. సైకిలెక్కి జీపీఎస్ పట్టుకుని వీధులు తిరిగి, ఇంటికొచ్చి గీతలు కలిపేవాళ్ళు. ఉపగ్రహ చిత్రాల మీద చూసి గీయడం తర్వాత సంగతి. మైక్రోసాఫ్ట్ తన బింగ్ చిత్రాల్ని చూసి గీసుకోవచ్చని అనుమతిచ్చింది 2010 నవంబరులో. అందుకే 2010కి ముందు మాలాంటి చిన్న ఊరి వీధులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉన్నాయంటే చాలావరకు ఎవరో ఒకరు ఆ ఊళ్ళో నడిచారని అర్థం.

మన దేశానికి మాత్రం ఒక అస్థిపంజరం దానంగా వచ్చింది. 2007లో ఏఎన్‌డీ అనే డచ్చి కంపెనీ నెదర్లాండ్స్ వీధులన్నిటితో పాటు భారత్, చైనాల ప్రధాన రహదారులు కూడా ఇచ్చేసింది. దాని పుణ్యమా అని హైవేలు వచ్చాయి. నేను మొదటిసారి చూసినప్పుడు రేపల్లె ఒక చుక్క, తెనాలి నుంచి వచ్చే రైలు ఒక గీత. చుట్టూ తెల్లటి ఖాళీ, కింద సముద్రం. ఆ ఖాళీని చూసినప్పుడు నాకు కలిగింది దేశభక్తో సేవాభావమో కాదు. తెల్ల గోడ కనబడితే పిల్లాడికి బొగ్గుముక్క కోసం చెయ్యి దురద పెడుతుందే, అది.

మొదటిరోజు డొంక మీద నడుస్తుంటే మిరప కళ్ళంలోంచి ఒక పెద్దాయన లేచొచ్చాడు.

“ఏం బాబూ, కొలతలా? రోడ్డు ఎటు పోతంది?”

“రోడ్డేం లేదు తాతా, ఊరికే మ్యాపు గీస్తున్నా.”

“ఊరికే ఎవరు గీత్తారు. మా చేను పోద్దా?”

ఆయన్ని నమ్మించలేకపోయాను. మన ఊళ్ళల్లో చేతిలో మిషనుతో పొలాల్లో నడిచే మనిషి వల్ల ఎప్పుడూ ఎవరిదో ఒకరిది కొంత పోయింది. కాలువో, బైపాసో, ప్లాట్లో. ఆయన అనుమానం తప్పని ఇప్పటికీ అనుకోను. మ్యాపు మంచిదా చెడ్డదా అనే ముందు అది ఎవరి చేతిలో ఉందో అడగాలని ఆయనకి నాకంటే బాగా తెలుసు.

ఇంటికొచ్చి మ్యాపు గీసే ప్రోగ్రాము జోసమ్‌లో గీత పరిచి డొంకకి ట్యాగు (అది ఏ రకమో చెప్పే చీటీ) పెడదామని చూస్తే చిక్కొచ్చింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నడిచే దారి ఏదైనా ‘హైవే’ అనే మాటతోనే మొదలవుతుంది. జాతీయ రహదారీ హైవేనే, చేల మధ్య గట్టు మీద కాలిబాటా హైవేనే. ఆ తర్వాత వచ్చే మాటలన్నీ బ్రిటిష్ రోడ్ల పద్దులోవి. ‘అన్‌క్లాసిఫైడ్’ అంటే ఏమిటో తెలియని రోడ్డని మనం అనుకుంటాం, వాళ్ళకి అదొక తరగతి. గుర్రాలు వెళ్ళే దారికి ట్యాగుంది. పబ్బుకి ట్యాగుంది. డొంకకి లేదు. ‘ట్రాక్’ అని పెట్టాలి. ట్రాక్ అంటే పొలాలకో అడవికో పోయే దారి, అంత వరకు సరే. కానీ డొంక అనే మాటలో ‘ఇది ఎవరి సొంతమూ కాదు’ అనే హక్కు ఒకటి ఉంది. అది ట్రాక్‌లో లేదు. లాకులకి మాత్రం చక్కగా ట్యాగు దొరికింది. దొరకదా మరి, కాలువల్లో పడవలు నడిపే దేశంలో పుట్టిన మ్యాపు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తిచేసి మా డెల్టాకి కాలువలూ లాకులూ తెచ్చిందీ వాళ్ళే.

ఎవరైనా కొత్త ట్యాగు పెట్టుకోవచ్చని ఆ ప్రాజెక్టు మొదట్నుంచీ చెబుతుంది. పెట్టుకోవచ్చు, కానీ దాన్ని గీసి చూపించే సాఫ్ట్‌వేర్ ఉండదు. నేను రాజీపడ్డాను. ట్రాక్ అని పెట్టి, తెలుగు పేరు గడిలో ‘పెద్ద డొంక’ అని రాశాను. ఇంగ్లీషు పేరు రాయలేదు. ఎవరో హిందీవాడో జర్మనీవాడో ఎప్పుడో మా ఊరి మ్యాపు తెరిచి డొంక అంటే ఏమిటో వెతుక్కుంటాడని చిన్న ఆశ.

ఇంకో పేరు దగ్గర నేను చేసింది మాత్రం ఇంత సరదాగా చెప్పుకునేది కాదు. కాలువకి అవతల ఎస్సీల ఇళ్ళున్నాయి. ఊళ్ళో వాళ్ళు దాన్ని కులం పేరుకి పల్లి తగిలించి పిలుస్తారు. మా ఇంట్లోనూ అదే మాట. నేనూ అదే రాశాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక నియమం ఉంది: నేల మీద ఏది ఉందో అది రాయాలి, కాగితాల్లో ఉన్నది కాదు, నీకు నచ్చింది కాదు. నేల మీద అందరూ అలాగే అంటున్నారుగా అని రాసేశాను. రెండేళ్ళ పాటు ఆ పేరు ప్రపంచంలో ఎవరైనా చూడగలిగే మ్యాపులో ఉంది. మూడోసారి వెళ్ళినప్పుడు చేతిపంపు ఎక్కడుందో గుర్తు పెట్టుకుందామని కాలువ దాటాను. అక్కడ డిగ్రీ చదివే ఒకమ్మాయి నా ఫోనులోకి తొంగిచూసి, “అది మా పేరు కాదండీ” అంది. “అంబేడ్కర్ నగర్ అని రాయండి. మా ఆధార్ కార్డుల్లో కూడా అదే ఉంది” అంది. కోపంగా అనలేదు. స్పెల్లింగు తప్పుంది అన్నట్టు అంది.

నేను చెప్పిన ‘నేల మీద అందరూ’ అంటే కాలువకి ఇవతల అందరూ అన్నమాట. అక్కడే నిలబడి మార్చాను. పాత పేరుని ‘ఇంకో పేరు’ గడిలో పెట్టాలా అని చాలా రోజులు ఆలోచించాను. పాత దస్తావేజుల్లో ఆ పేరే ఉంది కదా, వెతికేవాళ్ళకి పనికొస్తుంది కదా అని ఒక వాదన. పెట్టలేదు. నియమం ప్రకారం నాది తప్పని వాదించేవాళ్ళు ఉండొచ్చు. వాళ్ళొచ్చి ఆ అమ్మాయితో వాదించి మార్చుకోవచ్చు.

బాబాయి ప్రశ్నకి నా దగ్గరున్న జవాబుల్లో ఇదొకటి. ఉపగ్రహ చిత్రంలో ఇళ్ళ కప్పులు కనబడతాయి. ఇప్పుడు యంత్రాలే చిత్రం చూసి రోడ్లు గీసేస్తున్నాయి, నాకంటే తిన్నగా గీస్తున్నాయి. సరుకు చేరవేసే పెద్ద కంపెనీలు మనుషుల్ని పెట్టి మరీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన దేశం రోడ్లు గీయిస్తున్నాయి, తమ బండి గుమ్మం దాకా వెళ్ళాలి కాబట్టి. గీయనివ్వండి. కానీ పేరు అడగాలంటే కాలువ దాటాలి. దాటి తప్పు రాసినవాణ్ణి నిలబెట్టి దిద్దించాలంటే, ఆ మ్యాపు దిద్దటానికి వీలుగా ఉండాలి.

ఇక్కడ ఎవరైనా గూగుల్ మాటెత్తుతారు. ఎత్తాలి కూడా. గూగుల్‌లో మన పల్లెల రోడ్లు గీసింది ఎవరనుకున్నారు? 2008లో గూగుల్ మ్యాప్ మేకర్ అని ఒకటి పెట్టింది. దాని వెనకున్న ముఖ్యుల్లో ఒకాయన లలితేశ్ కట్రగడ్డ. మన దేశంలో వేలమంది కూర్చుని తమ ఊళ్ళు తామే గీసుకున్నారు, నాలాంటి పిచ్చివాళ్ళే. మంచి ఆలోచన, మంచి పనిముట్టు కూడా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంటే తేలిగ్గా ఉండేదని ఒప్పుకుంటాను. 2017 మార్చి 31న దాన్ని మూసేశారు. గీసినవాళ్ళ గీతలు గూగుల్ మ్యాపులో ఉండిపోయాయి, గీసినవాళ్ళ చేతికి మాత్రం రాలేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రేపు మూతపడినా మొత్తం ప్రపంచం ఒక ఫైలుగా ఎవరైనా దింపుకుని ఉంచుకోవచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ మళ్ళీ నిలబెట్టొచ్చు. 2012 నుంచీ ఉన్న లైసెన్సులో ఆ హక్కు రాసుంది. తేడా గీతల నాణ్యతలో లేదు. కౌలుకి దున్నిన చేనుకీ సొంత చేనుకీ ఉన్న తేడా ఇది. పండేది రెండిట్లో ఒకటే వరి.

ఇప్పుడు ఫోన్ సంగతి. అసలు ఈ వ్యాసం మొదలుపెట్టింది దాని గురించే, డొంక అడ్డమొచ్చింది.

మ్యాపు ఎంత స్వేచ్ఛగా ఉండాలో, దాన్ని గీసే పరికరం కూడా అంతే స్వేచ్ఛగా ఉండాలని నేను గట్టిగా నమ్మిన రోజులున్నాయి. ఆ నమ్మకం నా ఒక్కడిదీ కాదు, ఒక తరం మొత్తానిది. 2007లో లోపలంతా తెరిచి చూపించే ఫోన్లు చేద్దామనుకున్న ఓపెన్‌మోకో వాళ్ళు నియో 1973 తెచ్చారు. మొదటి చేతి మొబైల్ నుంచి కాల్ చేసిన సంవత్సరం ఆ పేరులో పెట్టుకున్నారు. మరుసటేడు నియో ఫ్రీరన్నర్ వచ్చింది. లోపల సర్క్యూట్ బొమ్మలు కూడా బయట పెట్టారు, ఎవరైనా చూసుకోవచ్చు. దాని మీద నడిచే మ్యాపు ప్రోగ్రాము టాంగోజీపీఎస్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కదులుతుంటే చూడటం అప్పట్లో ఒక పండగ. తీరా చూస్తే ఫ్రీరన్నర్‌కి ఫిక్సు రావటం లేదు. ఎందుకో తెలుసా? పక్కనే ఉన్న ఎస్‌డీ కార్డు చేసే విద్యుత్ రొద, అంతదూరం నుంచి వచ్చే ఆ బక్క సిగ్నల్‌ని ముంచేస్తోంది. కార్డు తీసేస్తే ఫిక్సు వస్తుంది. కార్డు తీస్తే మ్యాపులు పెట్టుకోవడానికి చోటుండదు! జనమే కూర్చుని కారణం పట్టుకున్నారు. కార్డుకి పని లేనప్పుడు దాని క్లాక్ సిగ్నల్ ఆపేలా సాఫ్ట్‌వేర్ మార్చారు. ఓపిక ఉన్నవాళ్ళు రొద తగ్గించే 10 పికోఫారడ్ల కెపాసిటర్ ఒకటి సోల్డరింగ్ చేసుకున్నారు. బియ్యపు గింజలో నాలుగో వంతు ఉంటుందేమో అది.

ఈ కథని అప్పట్లో విజయగాథగా చెప్పుకునేవాళ్ళం. చూశారా, బొమ్మలు బయట ఉన్నాయి కాబట్టే జబ్బు దొరికింది అని. నిజమే. కానీ ఇంకోలా కూడా చూడొచ్చు: కూర రుచిగా లేదని స్టవ్వు విప్పి బాగుచేసుకోవాల్సి వచ్చింది. 2009లో ఓపెన్‌మోకో తర్వాతి ఫోను పని ఆపేసింది. అదే ఏడాది నోకియా ఎన్900 వచ్చింది. మేమో అనే లైనక్స్, చేతిలో ఇమిడే నిజమైన కంప్యూటరు. 2011 ఫిబ్రవరిలో నోకియా విండోస్ వైపు తిరిగింది. అక్కణ్ణుంచి బయటికొచ్చినవాళ్ళు జోల్లా అనే కంపెనీ పెట్టి, లైనక్స్ మీదే నడిచే సెయిల్‌ఫిష్ తెచ్చారు. అది మన దేశానికీ వచ్చింది, 2014లో స్నాప్‌డీల్‌లో అమ్మారు. 2016లో ఇంటెక్స్ ఆక్వా ఫిష్ అని అయిదున్నర వేలకే సెయిల్‌ఫిష్ ఫోను దొరికింది. ఎంతమంది గుర్తుపట్టారు? తర్వాత 149 డాలర్ల పైన్‌ఫోన్, దానితో పాటు దాని మీద నడిచే లైనక్స్ పోస్ట్‌మార్కెట్ఓఎస్. వెతికి మరీ వాడినవాళ్ళు ఉన్నారు, నేనొకణ్ణి. అమ్మకి కొనిచ్చినవాళ్ళు మాత్రం నాకు ఒక్కరూ తెలీదు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ బతికింది. ఓపెన్ ఫోన్ ఎప్పుడూ ఊపిరి పీలుస్తూనే ఉంది కానీ మంచం దిగలేదు. రెండిట్లోనూ ఒకే రకం మనుషులు, ఒకే పట్టుదల, చాలాసార్లు అవే పేర్లు కూడా. అయినా ఎందుకిలా జరిగింది? కంపెనీలు తొక్కేశాయి, చిప్పులవాళ్ళు డ్రైవర్లు (చిప్పుని నడిపే ప్రోగ్రాములు) ఇవ్వలేదు, డబ్బు లేదు అని మా వాళ్ళు చెప్పే కారణాలన్నీ నిజాలే. నాకు తోచింది వేరు. మ్యాపు సగం గీసినా సగం పనికొస్తుంది. ఊళ్ళో ఒక్క బావి గుర్తుపెట్టి వదిలేసినా ఆ బావి దగ్గరకి దారి తెలిసింది. మిగతాది ఇంకెవరో గీస్తారు, లేదా గీయరు, నష్టం లేదు. ఫోను తొంభై అయిదు పాళ్ళు పనిచేస్తే సున్నాతో సమానం. పనిచేయని ఆ అయిదు పాళ్ళల్లోనే కాల్ వస్తే మోగటం ఉంటుంది. మ్యాపుకి గంట తీరికున్న టీచరు ఒక గంట పెట్టొచ్చు. మోడెమ్ (ఫోనుని నెట్‌వర్కుకి కలిపే చిప్పు) డ్రైవరుకి ఆ గంట ఎందుకూ చాలదు, ఆర్నెల్లు కావాలి, అదీ ఒకే మనిషివి. పైగా ఫోను పాతబడుతుంది. నేను 2011లో గీసిన కాలువ ఇవాళా కాలువే. 2011 నాటి ఫోను బ్యాటరీ ఉబ్బి డ్రాయరులో ఉంది.

అందుకని స్వేచ్ఛ గురించి మాట్లాడే మా వాళ్ళని ఒకటి అడగాలని ఉంటుంది. అన్నీ ఒకేసారి స్వచ్ఛంగా ఉండాలనే పట్టుదల ఎవరికి ఉపయోగపడింది? నేను ఇప్పుడు నడిచేటప్పుడు జేబులో ఉండేది మామూలు ఆండ్రాయిడ్ ఫోను, అందులో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌తో పనిచేసే రెండు యాప్‌లు: ఓఎస్‌ఎమ్‌ఆండ్, స్ట్రీట్‌కంప్లీట్. స్ట్రీట్‌కంప్లీట్ చిన్నచిన్న ప్రశ్నలు వేస్తుంది: ఈ రోడ్డు మట్టిదా, తారుదా? ఈ వంతెన మీదికి ఎంత బరువు పోవచ్చు? జవాబు నొక్కితే చాలు. ట్యాగులు రాని మా పిన్ని కూడా చేయగలదు, రెండుసార్లు చేసింది. గూగుల్ వాళ్ళ వ్యవస్థ మీద నడుస్తూ గూగుల్‌కి బదులు గీయటం ఏమిటని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. చెయ్యనీ. పరికరం కిరాయిదైనా గీత నాది. జీపీఎక్స్ ఫైలు పదిహేనేళ్ళ తర్వాత కూడా మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటోంది. అది చాలు అంటాను.

ఇలా అన్నానని లైనక్స్ ఫోన్లు దండగ అని అర్థం కాదు. ఆ టెర్మినల్‌లో డాలరు వరసలు చూసుండకపోతే బాబాయికి ‘నా తప్పు ఐదు మీటర్లు’ అని చెప్పగలిగేవాణ్ణి కాదు. నీలం చుక్కని నమ్మి ప్రింటు పంపేసేవాణ్ణి, పెద్దమనుషులు దాన్ని చూసి ఆసామికి జరిమానా వేసేవాళ్ళు. లోపల చూసినవాళ్ళకే లోపం తెలుస్తుంది. 2021లో జరిగింది చూడండి. జీపీఎస్ సిగ్నల్ తేదీని వారాల్లో చెబుతుంది, పది బిట్లలో. 1024 వారాలు కాగానే మళ్ళీ సున్నా. అది ఏ విడతో పరికరమే ఊహించుకోవాలి. లైనక్స్ లోకమంతా వాడే జీపీఎస్‌డీ అనే ప్రోగ్రాములో ఆ ఊహ చేసే చోట పొరపాటుంది. 2021 అక్టోబరు 24 రాగానే తేదీ 2002 మార్చికి వెనక్కి పోతుంది. జీపీఎస్‌డీ నుంచి టైము తీసుకునే సర్వర్లన్నీ దానితో పాటే. కోడు బయట ఉంది కాబట్టి ఎవరో ముందే చూశారు, కొత్త వెర్షన్ వచ్చింది, చాలామందికి ఏమీ తెలియకుండానే గడిచిపోయింది. ఇంత పెద్ద భారం మోసే చిన్న ప్రోగ్రాము కొద్దిమంది ఇష్టంగా చూసుకునేది. అంటే స్వేచ్ఛ ఫోను పెట్టెలో నిలవలేదు కానీ ఆ పెట్టె కోసం రాసిన ముక్కల్లో నిలిచింది.

అన్ని ముక్కలూ నిలవలేదు లెండి. చుట్టుపక్కల వైఫై పెట్టెల్ని బట్టి చోటు చెప్పే మొజిల్లా సర్వీసు 2024లో మూతపడింది. జీపీఎస్ అందని ఇంటి లోపల లైనక్స్ ఫోన్లు నమ్ముకున్నది దాన్నే.

చట్టం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, ఎక్కువ చెబితే కోపం వస్తుంది. 2016లో కేంద్రం ఒక ముసాయిదా బిల్లు బయటపెట్టింది. అనుమతి లేకుండా భౌగోళిక సమాచారం సేకరిస్తే 100 కోట్ల దాకా జరిమానా, ఏడేళ్ళ దాకా జైలు. మిరప కళ్ళంలో పెద్దాయనకి నేను చెప్పిన ‘ఊరికే గీస్తున్నా’ కూడా అందులోకి వచ్చేదే. అది చట్టం కాలేదు. 2021 ఫిబ్రవరిలో కొత్త మార్గదర్శకాలు వచ్చి చాలావరకు తలుపులు తీశాయి. ఆ మధ్యకాలంలో కంపెనీలు అడిగాకే తలుపు తెరుచుకుందన్నది నా అనుమానం. తెరుచుకుంది, అది చాల్లే.

డొంక తగాదా ఏమైందని అడుగుతారు. నా గీత పనికిరాలేదు. వేర్వేరు రోజుల్లో పదిసార్లు నడిచి సగటు తీసుంటే ఒకటి రెండు మీటర్లకి తేల్చగలిగేవాణ్ణేమో. నడిచింది ఒకేసారి. బాబాయికి కావలసింది నేను కాదు, భూముల రీసర్వేకి వచ్చే రోవరు అనే జీపీఎస్ పరికరం. అది నేల మీద స్థిరంగా ఉన్న స్టేషన్లతో సరిచూసుకుని సెంటీమీటర్లలో చెబుతుంది. పెద్దమనుషులు ఆ లెక్క దాకా పోలేదు. ఇద్దర్నీ చెరో మెట్టు దిగమని, ట్రాక్టరు పట్టేంత వదలమని చెప్పి టీ తాగి లేచారట. ఆ తర్వాత మా జిల్లా పేరు కూడా మారింది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి బాపట్లలోకి వచ్చాం. మ్యాపులో జిల్లా గీత మార్చటానికి ఇంట్లో కూర్చుంటే సరిపోయింది, ఆ ఒక్కదానికి నడవక్కర్లేదు.

మొన్న వానల తర్వాత బాబాయి మళ్ళీ ఫోన్ చేశాడు. పంటల మాటలూ మోకాళ్ళ నొప్పుల మాటలూ అయ్యాక, పెట్టేయబోతూ అన్నాడు:

“పెద్ద డొంక మీద తూము కూలిపోయింది. బండ్లు పోవట్లా. నీ మ్యాపులో తీసెయ్యి.”

“ఏ తూము బాబాయ్, మర్రిచెట్టు దగ్గరదా, అవతలదా?”

“అవతలది. ఏం, నా మాట మీద నమ్మకం లేదా?”

ఉంది. కానీ ఇంకా తీయలేదు. బండ్లు పోవట్లేదన్నాడు, మనుషులు దాటుతున్నారో లేదో చెప్పలేదు. దాటుతుంటే అది కాలిబాట అవుతుంది, తీసేయకూడదు. సంక్రాంతికి వెళ్ళి చూడాలి.